మూడు గీతల నత్త

నమోదు 961. జూన్ 4, మంగళవారం

శబరి నీటి మట్టం రెండు మీటర్ల పది. నీటి వేడి ఇరవై తొమ్మిది డిగ్రీలు. ఇసుకరేవు రాళ్ళ దగ్గర చదరపు మీటరుకు నలభై ఒక్క నత్తలు. నిరుడు ఇదే వారం ముప్పై ఎనిమిది. ఫరవాలేదు.

నాలుగింటికల్లా పని అయిపోయింది. రేడియో ఐదింటికి. ఆ మధ్య గంట నాకెప్పుడూ పొడుగే. ఇల్లు ఊడ్చాను, మళ్ళీ ఊడ్చాను.

నేనిక్కడికి వచ్చిన కొత్తలో మంగళవారం ఐదు గంటలకు రేడియోలో పదకొండు గొంతులు వినిపించేవి. పదకొండు నదీపాయలు, పదకొండు మంది సర్వేయర్లు. నీళ్ళు ఆవిరి కాకుండా ఒక్కో పాయ మీద మూత పడ్డప్పుడల్లా ఒక్కో గొంతు తగ్గింది. ఇప్పుడు ఇద్దరం మిగిలాం. శబరి మీద నేను, ప్రాణహిత మీద దుర్గం రాజమల్లు. మా మధ్య రెండు వందల కిలోమీటర్లకు పైగా గోదావరి ఉంది, అంతా మూత కిందే. ఆయన్ని నేను ఎన్నడూ చూడలేదు. మోకాలు నొప్పి అని తెలుసు. భార్య పోసక్క పోయి ఆరేళ్ళని తెలుసు. ముఖ్యమైన మాట చెప్పే ముందు దగ్గుతాడని తెలుసు.

ఈరోజు రెండుసార్లు దగ్గాడు.

"చెల్లె, ఒకటి దొరికింది. నల్లగ ఉన్నది. మూడు గీతలున్నయ్. అచ్చం నీ నత్త లెక్కనే."

"ఎక్కడ రాజమల్లన్నా?"

"బండల సందుల, లోతుల. ఇన్నేండ్ల సంది చేపల కోసమే దేవులాడితి. కిందికి ఒంగి సూడనే లేదు."

నా పాయను ఈ నత్త కోసం తెరిచి ఉంచినట్టే, ఆయన పాయను తెరిచి ఉంచింది ఒక్క చేప కోసం. ఆ చేప కనబడక మూడేళ్ళయింది. వచ్చే జూన్‌లో అక్కడ మూత పని మొదలవుతుంది. మరెక్కడా లేని జీవి ఉంటేనే నదిని తెరిచి ఉంచాలన్నది నియమం. మూత లేకపోతే ఎండకు ఆవిరైపోయే నీళ్ళతో ఊళ్ళకు ఊళ్ళు బతుకుతాయి కాబట్టి ఆ నియమాన్ని తప్పు పట్టలేను. రాజమండ్రిలో మా చెల్లెలి పిల్లలు తాగేవి మూత కింది నీళ్ళే.

"ఒక పెట్టెలో పంపించన్నా," అన్నాను. "తడిగోనెలో చుట్టి."

నమోదు 963. జూన్ 18, మంగళవారం

సరుకుల డ్రోన్‌లో బియ్యం, ఉప్పుతో పాటు పెట్టె వచ్చింది. ఇరవై నత్తలు. దారిలో నాలుగు చచ్చాయి. బతికినవాటిలో ఏడు మగవి, తొమ్మిది ఆడవి. మగదాన్ని గుర్తు పట్టడం తేలిక. తల మీది రెండు మీసాల్లో కుడివైపుది పొట్టిగా, వంకరగా ఉంటుంది.

గుల్లకు ఆరు చుట్లు. నావాటికీ ఆరే. గుల్ల నోటికి ఉండే మూత పల్చగా, ఎర్రమట్టి రంగులో ఉంది. నావీ అంతే. తేడా ఒక్కటే. ప్రాణహిత గుల్ల కొన కాస్త మొద్దు. అది రాళ్ళకు రాసుకుని అరిగిందో, పుట్టుకతోనే అంతో చెప్పలేను.

ఈ నత్తలు గుడ్లు పెట్టవు, గుల్లలతో సహా తయారైన పిల్లల్ని కంటాయి. చచ్చిన ఆడదాన్ని కోసి చూశాను. కడుపులో మూడే ఉన్నాయి. నా శబరి నత్తల్లో పద్నాలుగుకు తక్కువ ఎప్పుడూ చూడలేదు.

చిన్న ముక్క కోసి జన్యువుల పోలిక చూసే యంత్రంలో పెట్టాను. రెండు గంటల తర్వాత జవాబు వచ్చింది: *హద్దు మీద ఉంది. ఒకే జాతో, వేరు జాతో సర్వేయరు నిర్ణయించాలి. గడువు మార్చి 31.*

రేడియోలో చదివి వినిపించాను.

"అంటే వేరే అని నువ్వు రాస్తె నా నది ఉంటది."

"రాస్తే ఉంటుంది."

"ఒకటే అని రాస్తె?"

"ఒక జీవికి ఒక్క పాయే. ఎక్కడ ఎక్కువ ఉంటే అది ఉంచుతారు."

నా పాయలో తొమ్మిది లక్షలు. ఆయన దగ్గర నాలుగు వేలు. ఆ లెక్క ఇద్దరిలో ఎవరమూ పైకి అనలేదు.

"మరింకేంది, రాసెయ్," అని నవ్వాడు రాజమల్లు. నేనూ నవ్వాను. తర్వాత ఇద్దరం మోకాలి నొప్పి గురించి మాట్లాడుకున్నాం.

నమోదు 966. జూలై 9, మంగళవారం

వర్షం. మట్టం నాలుగున్నర మీటర్లు. రాళ్ళ దగ్గరికి పోవడానికి లేదు.

ఎదుగుదల కొలవడానికి నిరుడు పుట్టగానే వేరు చేసిన ఆడ నత్తలు నా దగ్గర పన్నెండు ఉన్నాయి. ఒక్కో బేసిన్‌లో ఒక్కొక్కటి. మగ అనేదాన్ని ఎరగవు. వాటిలో ఏడింటి పక్కన పోయిన వారం ప్రాణహిత మగవాటిని ఒక్కొక్కటి వదిలాను. మిగతా ఐదూ ఒంటరిగానే ఉంటాయి, సరిపోల్చుకోవడానికి.

కలిస్తే కలిశాయి, లేకపోతే లేదు. కలవకపోతే ఏ బాధా లేకుండా వేరు జాతి అని రాసేస్తాను.

రెండో రోజు పొద్దున్నే మూడో బేసిన్‌లో మగది ఆడదాని గుల్ల మీదికెక్కి కూర్చుని ఉంది. పళ్ళు తోముకుంటూ చూశాను. నోట్లో నురుగుతోనే అక్కడే కూర్చుండిపోయాను.

నమోదు 978. అక్టోబర్ 1, మంగళవారం

మూడో బేసిన్‌లో తొమ్మిది పిల్లలు. ఐదో బేసిన్‌లో పదకొండు. ఒంటరి ఐదింటిలో ఏమీ లేవు.

పిల్ల ఆవగింజ కంటే కాస్త పెద్దది. గుల్ల అద్దంలా ఉంది. లోపల గుండె కొట్టుకోవడం భూతద్దం లేకుండా కూడా కనిపిస్తుంది. మూడు గీతలు అప్పుడే ఉన్నాయి.

సాయంత్రం రాజమల్లుకు చెప్పాను.

"చెల్లె, గుర్రానికీ గాడిదకీ గూడ పిల్ల పుడ్తది గదా?"

"పుడుతుంది."

"ఆ పిల్లకు మల్ల పిల్లలు కారు."

"అవును. కారు."

"అయితే ఇంక తేలలే. ఆగు నువ్వు. అవి పెద్దగయ్యేదాక ఆగు."

నిజమే. నేనూ అదే రాసుకున్నాను. కానీ ఆయన గొంతులో ఆశ విన్నాక, ఈ పిల్లలు ఎదగకూడదని కోరుకోవాలో ఎదగాలని కోరుకోవాలో తెలియలేదు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి నత్తలకు మేత వేస్తూ చేయి ఆగింది. అయినా వేశాను.

నమోదు 988. డిసెంబర్ 10, మంగళవారం

ఇరవై పిల్లల్లో పదిహేడు బతికాయి. బఠాణీ గింజంత అయ్యాయి.

ఇసుకరేవులో ఇరవై ఇళ్ళు ఉన్నాయి. వాళ్ళు వారానికి రెండు బుట్టల నత్తలు తీసుకోవచ్చు. ఆ లెక్క రాయడానికి తప్ప వాళ్ళ దగ్గరికి వెళ్ళింది తక్కువ. ఈరోజు బుట్ట కొలుస్తుంటే కుంజా ముత్తమ్మను అడిగాను. డెబ్బై దాటిన మనిషి. నీళ్ళలో నడుము దాకా దిగి కాలి వేళ్ళతోనే నత్తల్ని పట్టేస్తుంది.

"ముత్తమ్మా, ఈ నత్తలు ఇంకెక్కడైనా చూశావా?"

"యాడ లేవు? మా అమ్మది దుమ్ముగూడెం కాడ. గోదారిలో ఇవే. మా అమ్మమ్మది ఇంకా పైన. ఆడా ఇవే. నల్లగుల్లలని వండుకునేటోళ్ళు. ఏటి పొడుగునా ఉండేవి."

"ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడిగితే గందా." బుట్ట నెత్తిన పెట్టుకుంది. "నువ్వొచ్చి రాళ్ళు లెక్కబెట్టుకుంటా ఉంటావు. ఏంది ఎవురితో మాట్టాడదు ఈమె అనుకున్నాం."

నేను వచ్చేసరికే గోదావరి మూతల కింద ఉంది. చీకట్లో పాచి పెరగదు. పాచి లేకపోతే నత్త ఉండదు. నాకు శబరిలో ఒక్కచోట కనబడింది కాబట్టి ఒక్కచోటే పుట్టిందనుకున్నాను. *శబరి మూడుగీతల నత్త* అని పేరు పెట్టాను. జీవుల పట్టికలో ఆ పేరు పక్కన నా పేరు ఉంది, కొప్పిశెట్టి హైమావతి అని. నా పేరు నేను అచ్చులో చూసుకున్నది ఆ ఒక్కచోటే.

రాజమల్లు ఈ నెల లెక్క చెప్పాడు. ఎనిమిది కిలోమీటర్ల పాయలో మూడు వేల నాలుగు వందలు. జూన్‌లో నాలుగు వేలు. ఆడవాటి కడుపులో రెండు, మూడు పిల్లలు. కొన్ని ఉత్తవే.

"గింత తక్కువైతున్నయేందే?" అని అడిగాడు.

"కొన్నే మిగిలితే అంతేనన్నా. వాటిలో అవే కలిసి కలిసి బలం పోతుంది."

"ఎన్నేండ్లుంటయ్?"

"పదేళ్ళు. ఇంకా తక్కువేమో."

నమోదు 999. ఫిబ్రవరి 25, మంగళవారం

పొద్దున ఐదో బేసిన్ పిల్లల్లో పెద్దదాని పక్కన అడుగున ఏవో చుక్కలు కనబడ్డాయి. ఇసుక అనుకుని వేలితో కదిపాను. చుక్కలు మూతలు మూసుకున్నాయి.

ఆరు. మనవలు.

ఐదు గంటలకు చెప్పాను. రాజమల్లు ఈసారి దగ్గలేదు.

"అయితే ఒకటే అంటవ్."

"ఒకటేనన్నా. ఏరు పొడుగునా ఒకటే ఉండేది. మధ్యలో మూసేశారు, రెండు చివరలు మిగిలాయి."

"నువ్వేమన్న రాయ్, అడిగేటోడెవ్వడు? యంత్రం నిన్నే రాయమన్నది."

"వేరు జాతి అని రాస్తే ఇక్కడివి అక్కడికి పంపడానికి ఉండదు. కలిపినట్టు యంత్రం పట్టేస్తుంది. ఒంటరిగా నీ నత్తలు పదేళ్ళలో పోతాయి."

"పోనీ! పోతె పదేండ్లకు పోతయ్. పదేండ్లు తక్కువనా?" గొంతు పగిలింది. "ఈడ ముప్పై రెండు ఇండ్లున్నయ్ చెల్లె. పొద్దుగాల్నే లేసి నదిని జూస్తరు. పోసక్కను గీ ఒడ్డుకే కాలవెట్టిన. పదేండ్లల్ల నేను గూడ పోత. నా తరువాత ఏమన్న గానీ."

ఆయన అడిగింది అన్యాయమని ఇప్పుడు కూడా అనలేను.

"అన్నా," అన్నాను. అటునుంచి మీట నొక్కిన చప్పుడు వినబడింది. కట్టేశాడు.

నమోదు 1003. మార్చి 25, మంగళవారం

నాలుగు మంగళవారాలుగా రేడియోలో ఎవరూ లేరు. ఐదుకు పెడతాను, ఆరుకు కట్టేస్తాను.

రెండు నివేదికలు రాశాను. మొదటిది: వేరు జాతి, గుల్ల కొనలో తేడా, పిల్లల సంఖ్యలో తేడా. చదివితే ఎవరైనా నమ్ముతారు. రెండోది: ఒకే జాతి, రెండు తరాల సంతానం బతికింది, ఒకప్పుడు గోదావరి అంతటా ఉండేది. దాని కింద కుంజా ముత్తమ్మ చెప్పిన ఊళ్ళ పేర్లు.

మొదటిది పంపిస్తే నా పేరు పట్టికలో ఉంటుంది. మంగళవారం ఐదింటికి గొంతు కూడా తిరిగొస్తుంది. ఎందుకు పంపకూడదో ఎంత ఆలోచించినా పెద్ద కారణమేదీ దొరకలేదు. మనుషులకు పదేళ్ళు పెద్ద విషయం. నత్తకు ఎవరు ఏ పేరు పెట్టినా ఒకటే.

మధ్యాహ్నం బేసిన్ల దగ్గరికి వెళ్ళాను. ప్రాణహిత నుంచి వచ్చినవాటిలో మిగిలిన ఒక ఆడదాన్ని జూలై నుంచి శబరి మగవాటితో ఉంచాను. అది మొదటి కాన్పులో రెండు పెట్టింది. నిన్న రెండో కాన్పులో పదమూడు. కొన మొద్దుగా ఉన్న ఆ పాత గుల్లతో, ఆ పదమూడింటి మధ్య నెమ్మదిగా పాచి గీక్కుంటోంది. అక్కడ మిగిలిన మూడు వేలకు కూడా ఇలా జరగొచ్చు. లేదంటే అవి ఒక్కొక్కటిగా ఉత్త కడుపులతో పోవాలి. అది తెలిసిన మనిషి భూమ్మీద నేనొక్కదాన్నే.

రెండోది పంపించాను. *శబరి* అనే మాట పేరులోంచి తీసేయమని రాశాను. ప్రాణహిత నత్తలన్నిటినీ ఇక్కడికి తేవడానికి అనుమతి అడిగాను.

తర్వాత అన్నం వండుకున్నాను. తినలేకపోయాను.

నమోదు 1006. ఏప్రిల్ 15, మంగళవారం

ఉత్తర్వు వచ్చింది. ఒకే జాతి. ప్రాణహిత పాయ మీద జూన్‌లో మూత. తరలింపుకు అనుమతి, మే పదో తేదీ లోపు, సర్వేయర్ల సొంత పూచీ మీద. ముప్పై రెండు ఇళ్ళకూ పైన కొత్త కాలనీలో ఇళ్ళు.

రాజమల్లుకు కూడా ఇదే వెళ్ళి ఉంటుంది. రేడియోలో మూడుసార్లు పిలిచాను. "అన్నా, వాటిని ఏరడానికి నేను రానా?" అన్నాను. గరగర.

ఆయన ఏరకపోతే ఏమిటన్నది ఆలోచించలేదు. ముత్తమ్మ వాళ్ళతో చెప్పి రాళ్ళ పక్కన లోతు తక్కువచోట వెదురు తడికెలు కట్టించాను. ఎవరి కోసమని వాళ్ళు అడిగారు. చుట్టాలొస్తారేమో అన్నాను.

నమోదు 1009. మే 6, మంగళవారం

పొద్దున తొమ్మిదింటికి ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఒడ్డు మీద ఆగింది. వెనకంతా తడిగోనెలు. వాటి మధ్య ఒక పొట్టి మనిషి చెంబుతో నీళ్ళు చల్లుతూ కూర్చుని ఉన్నాడు. గొంతును బట్టి పొడుగాటి మనిషనుకున్నాను ఇన్నేళ్ళూ.

దిగేటప్పుడు కుడి మోకాలు పట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది ఆయనేనని.

"రాజమల్లన్నా."

"మూడు వేల నూట పన్నెండు," అన్నాడు. "ఊరోళ్ళందరు దిగి ఏరిన్రు. దారిల ఎన్ని సచ్చినయో తెల్వదు. జెప్పన నీళ్ళల్ల ఇడువు."

మాటలు అంతే. మధ్యాహ్నం దాకా ఇద్దరం తడికెల్లో వంగి ఉన్నాం. ముత్తమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు కూడా దిగారు. ఒక్కొక్క నత్తనూ మూత కిందికి వచ్చేలా రాయి మీద పెట్టాలి, విసరకూడదు. ఆయన చేతులు నాకంటే నెమ్మది. పెట్టిన ప్రతిదాన్నీ అది మూత తెరిచి రాతిని పట్టుకునేదాకా చూశాడు. పట్టుకోనివాటిని పక్కన పోగేశాడు. రెండు వందల ఆరు.

అన్నం పెట్టాను. గోంగూర పచ్చడి, చారు. రేడియోలో గంటలు గంటలు మాట్లాడుకున్నవాళ్ళం, ఎదురెదురుగా కూర్చుంటే ఉప్పు చాలిందా అన్న మాట తప్ప ఏమీ రాలేదు. తినేసి ఒడ్డుకు పోయి కూర్చున్నాడు. నేను కూడా వెళ్ళి కాస్త దూరంలో కూర్చున్నాను.

"నీ నది మంచిగున్నది," అన్నాడు. "సప్పుడు జేస్తది. మాది గింత సప్పుడు జెయ్యదు."

"ఇక్కడే ఉండిపో అన్నా. గది ఇంకొకటి ఉంది. లెక్కలకు మనిషి కావాలి."

తల అడ్డంగా ఊపాడు. "ముప్పై రెండు ఇండ్లు ఎక్కియ్యాలె. ఒక్కొక్కలు ఏడుస్తున్నరు. నేను లేకపోతెట్ల? పైన కాలనీల రేడియో గీడియో ఉండదు. స్టేషన్ సామాను తీస్కపోయిన్రు మొన్ననే."

తెలుసు నాకు. అయినా ఆయన నోటితో వినేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నామీద కోపం పోలేదు కదన్నా."

"పోలే." చేతిలో గులకరాయి తిప్పాడు. "నేనైతే వేరే అని రాసేటోన్ని చెల్లె. ఒక్క నిమిషం గూడ ఆలోచన జెయ్యకపోదును."

"తెలుసు."

"గందుకే పెట్టె నీకు పంపిన."

ఆయన వైపు చూశాను. ఆయన నీళ్ళకేసి చూస్తున్నాడు.

"నాకు దొరికినప్పుడే సమజైంది అదీ ఇదీ ఒకటేనని. నా చేతిల ఉంటె అబద్ధం రాస్త. రాసి, అవి ఒక్కొక్కటి సస్తుంటె రోజూ లెక్కవెట్టుకుంట కూసుంట. అది నాతోని గాదు అనుకున్న. మల్ల పంపినంక, నువ్వన్న అబద్ధం రాస్తవేమోనని ఆశపడ్డ." కళ్ళు తుడుచుకోలేదు, అలాగే వదిలేశాడు. "తప్పా?"

"కాదన్నా."

నాలుగింటికి ఆటో కదిలింది. చెయ్యి ఊపాడు. మలుపు దాకా ఊపుతూనే ఉన్నాడు.

నమోదు 1013. జూన్ 3, మంగళవారం

మట్టం రెండు మీటర్ల ముప్పై. వేడి ముప్పై.

పట్టిక కొత్త ప్రతి వచ్చింది. పేరు *మూడుగీతల నత్త*. పక్కన ఎవరి పేరూ లేదు. ఉనికి అన్న గడిలో శబరి ఒక్కటే ఉంది. గోదావరి, ప్రాణహిత అని మళ్ళీ రాసి, గతంలో అని చేర్చి తిప్పి పంపాను. వాళ్ళు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే మళ్ళీ పంపుతాను.

ప్రాణహితలో ఈ వారమే పని మొదలైందట. సరుకుల చీటీ వెనక ఎవరో రాశారు.

తడికెల లోపల రెండు వేల ఏడు వందల చిల్లర బతికి ఉన్నాయి. రెండు నెలల పాటు ఆ వైపు బుట్ట దించొద్దని ముత్తమ్మ ఊళ్ళో చెప్పింది. చెప్పడమే కాదు, రోజూ వచ్చి చూస్తోంది. ఈరోజు నేను వెళ్ళేసరికి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి రాయి ఒకటి పైకెత్తి పట్టుకుని ఉంది.

"హైమమ్మా, బిర్నా రా. ఇదేందో చూడు."

రాయి అడుగున మొద్దుకొన గుల్ల ఒకటి ఉంది. దాని చుట్టూ అద్దాల్లాంటి చుక్కలు. లెక్కపెట్టాను. ఐదు. ఒకదానిలో గుండె ఆగి ఉంది. నాలుగు.

వెంటనే ఎవరికైనా చెప్పాలనిపించింది. ముఖ్యమైన మాటకు ముందు దగ్గే మనిషికి. ముత్తమ్మ నా ముఖం చూసింది, మళ్ళీ రాయి చూసింది.

"ఇవి ఆ ఏటివా, ఈ ఏటివా? నీ పుస్తకంలో ఏమని రాస్తావు?"

"తల్లి అక్కడిది. ఇవి ఇక్కడ పుట్టాయి."

"ఈడ పుడితే మరి ఈడియ్యే గందా," అంది ముత్తమ్మ. రెండు చేతులతో రాతిని నెమ్మదిగా నీళ్ళలోకి దించి, కదలకుండా పక్కన చిన్న రాయి ఆనించింది. "రేపు నేనొచ్చినాక లెక్కబెట్టు. ఒక్కదానివే పెట్టుకోమాకు."

సరే అన్నాను.